మిరప తొడిమ మిషన్‌కు సీఈ మార్కు: ఎవరైనా చేసినవాళ్లున్నారా?

మడికొండ షెడ్డు: మిరపకాయ తొడిమలు తీసే మిషన్‌కు జర్మనీ ఆర్డరొచ్చింది. సీఈ మార్కు (యూరప్ భద్రతా రూల్స్‌కు తగ్గట్టుందని వేసే గుర్తు) ఉంటేనే తీసుకుంటారట. ఖర్చెంత? మాన్యువల్ జర్మన్‌లోనే ఉండాలా? డెలివరీ 2027 ఫిబ్రవరి. మిషన్ల మీద యూరప్ పాత రూలు, 2006/42 డైరెక్టివ్, సరిపోతుందా?

కరీంనగర్ ఎలివేటర్స్: ఖర్చు తర్వాత చూద్దాం తమ్మీ, ముందు సర్టిఫికెట్లు అమ్మేవాళ్ల జోలికి పోకు. ఒక ఏజెన్సీ మా మిషన్ మొహం చూడకుండానే ఫొటోలు తీసుకుని రంగుల కాగితం పంపింది. కొనేవాడు నోటిఫైడ్ బాడీ (మిషన్లు తనిఖీ చేయడానికి యూరప్‌లో గుర్తింపున్న సంస్థ) నాలుగంకెల నంబరేదని అడిగితే ఫోనే ఎత్తలేదు.

ప్యానెల్ మాస్టర్: ఈ పనిలో తల నెరిసినవాణ్ని, వినండి. మీ మిషన్‌కు నోటిఫైడ్ బాడీ అక్కర్లేదు. మీకు వర్తించే కొత్త రూలు, 2023/1230 రెగ్యులేషన్, అనెక్స్ (అనుబంధం) 1లో ప్రెస్సులు, రంపాలు ఉన్నాయి కానీ తొడిమ మిషన్ లేదు. ఐఎస్ఓ 12100 (మిషన్ల భద్రతా ప్రమాణం) ప్రకారం రిస్క్ అసెస్‌మెంట్ రాసి, టెక్నికల్ ఫైల్ కట్టి, మిషన్ రూల్స్ ప్రకారమే ఉందనే డిక్లరేషన్‌పై మీరే సంతకం పెట్టాలి. ఫైల్ పదేళ్లు దాచాలి. ఇంకోటి, గార్డు (తిరిగే భాగాల మీది రక్షణ కప్పు) విప్పినప్పుడు బోల్టులు ఊడి పడకూడదు, గార్డుకో మిషన్‌కో పట్టుకునే ఉండాలి.

పసుపు పాలిష్, నిజామాబాద్: ఇదెక్కడి చాదస్తం సార్? పడితే తీసి పెట్టుకుంటారు!

ప్యానెల్ మాస్టర్: పెట్టుకోరు కాబట్టే రూలు పెట్టారు. అదే రెగ్యులేషన్ అనెక్స్ 3లో 1.4.2.1 చదవండి. ఆరు బోల్టుల గార్డు సీజన్ అయ్యేసరికి రెండింటి మీద వేలాడదా?

పసుపు పాలిష్, నిజామాబాద్: మా డ్రమ్ములు మీరెప్పుడు చూశారు? మెట్‌పల్లి దాకా ఎవర్నైనా అడగండి, ఒక్క వేలు తెగలేదు.

ప్యానెల్ మాస్టర్: తెగాక అడగమంటారా?

పరకాల వైండింగ్: అన్నలూ, కొట్లాట బయట పెట్టుకోండి. ఎమర్జెన్సీ స్టాప్ సంగతి ఎవరూ ఎత్తలేదే? ఎర్ర బటన్, వెనక పసుపు ఉంటే అయిపోదు. తిప్పి వదలగానే మోటారు లేవకూడదు, స్టార్ట్ మళ్లీ నొక్కాకే తిరగాలి. ఎర్త్ వైరు పచ్చ-పసుపు చారలదే వేయండి. 

కరీంనగర్ ఎలివేటర్స్: బోల్టుకు మేం చేసేది చెప్తా. గార్డు రేకుకు నట్టు వెల్డు చేసి, బోల్టు తల కింద మర తీసేసి మెడను లేతు మీద సన్నగా తిప్పుతాం. మర నట్టును దాటాక బోల్టు వదులుగా ఊగుతుందే తప్ప బయటికి రాదు. పావుగంట పని, దీనికింత రభసా?

మడికొండ షెడ్డు: మాన్యువల్ ముచ్చట?

ప్యానెల్ మాస్టర్: జర్మన్‌లోనే ఉండాలి. 2027 జనవరి 20 నుంచి 2023/1230 రెగ్యులేషన్ అమలు కాబట్టి, మీ ఫిబ్రవరి డెలివరీకి పాత డైరెక్టివ్ కాదు, కొత్తదే వర్తిస్తుంది. అందులో మాన్యువల్ డిజిటల్‌గా ఇవ్వొచ్చు, కొనేటప్పుడు అడిగితే నెలలోపు కాగితంపై ఉచితంగా ఇవ్వాలి. గూగుల్ అనువాదం అతికించి పంపకండి.

పసుపు పాలిష్, నిజామాబాద్: ఆ బోల్టు ఫొటో పెట్టు అన్నా. ఊరికే చూద్దామని.

పరకాల వైండింగ్: ప్యాకింగ్ చెక్క మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కకు పురుగు లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉందో లేదో చూసుకోండి. అవునూ, ఎనుమాముల యార్డులో ఇవాళ తేజ మిర్చి రేటెంత పోయింది?