కువైట్ ఖద్దామా (ఇంటి పనిమనిషి) పని: దుబాయ్ మీదుగా పొమ్మంటున్నారు, పోవచ్చా?

కడప పిల్ల:
మా పిన్నికి 34 ఏండ్లు, ఎనిమిది వరకే చదివింది. పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల) అని ఉంది. కువైట్‌లో ఇంటిపనికి పంపిస్తానని ఒకాయన వచ్చినాడు. ముందు విజిట్ వీసా మీద దుబాయ్ పోవాలంట, నెలలోపల ఆడి నుంచి కువైట్ వీసా కొట్టిస్తాడంట. తొంభై వేలు అడుగుతున్నాడు. ఈ దారి మంచిదేనా? సంచిలో ఏమేం పెట్టుకోకూడదో కూడా చెప్పండి.

గల్ఫ్ కాగితాలు:
దుబాయ్ మీదుగా అన్నాడంటే ఆడికే మాట ఆపేయండి. ఆయన తప్పించాలనుకునేది ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌ను, అంటే పనికి దేశం దాటేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతిని. పది పాస్ కాని వాళ్లు కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే అది తప్పనిసరి. అది రావాలంటే జీతం రాసిన కాంట్రాక్టు చూపాల, ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే ప్రభుత్వ బీమా కట్టాల. బీమా రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375, పైన జీఎస్టీ. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. దుబాయ్ దారిలో కాంట్రాక్టూ ఉండదు, బీమా ఉండదు. రేపు జీతం ఎగ్గొడితే చేతిలో చూపేదానికి కాగితం ముక్క ఉండదు.

ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడోళ్లను ఇంటిపనికి పంపాలంటే 30 ఏండ్లు నిండాల. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం కూడా ఉంది. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, మొదట వాళ్లనే అడగండి. ఏ ఏజెంటైనా సరే, లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో కనపడాల. లైసెన్సు ఉన్నోడు కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. తొంభై వేలు యాడి లెక్క?

పాత మేస్త్రీ:
వీసా కాగితం అరబీలో ఉంటుంది. తెలిసినోళ్లతో ముందే చదివించండి. 20 నంబరు అంటే ఇంటిపని, 18 అంటే కంపెనీ. 20 మీద పోయినోళ్లు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇల్లు దాటి యాడ పని చేసినా తప్పే. ‘ఆజాద్ వీసా, యాడైనా చేసుకోవచ్చు’ అనేది పచ్చి అబద్ధం, పట్టుకుంటే వెనక్కి పంపేస్తారు.

మెడికల్ పరీక్షను వాఫిద్ అనే గల్ఫ్ దేశాల సైట్‌లో బుక్ చేసుకుంటే సెంటర్‌ను వాళ్లే కేటాయిస్తారు. టీబీ, హెపటైటిస్, హెచ్‌ఐవీ చూస్తారు. ఆడికి పోయినాక ఇంకోసారి చూస్తారు, అప్పుడు తప్పితే తిరుగు విమానమే. టీబీ పాత మచ్చ ఉంటే ఇక్కడే డాక్టరుకు చూపించుకోండి.

మసాలా డబ్బా:
సంచి సంగతి. గసగసాలు వద్దే వద్దు. మనకు కూరలో వేసే దినుసు, గల్ఫ్‌లో మత్తుమందు కింద లెక్క. నూరిన మసాలాలో కలిసినా ఇంతే, అందుకే ఇంట్లో దంచిన మసాలా పొడి పెట్టొద్దు. కారం, ఊరగాయ పరవాలేదు. ఖైనీ, గుట్కా, సారాయి వద్దు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర మాత్రలు డాక్టరు చీటీ లేకుండా పట్టుకుపోవద్దు. ఊరోళ్లు ‘మా అన్నకు ఇయ్యి’ అని ఇచ్చే మూట కుట్టి ఉంటే కుట్లు విప్పి చూడాల. విప్పనియ్యకపోతే తీసుకోవద్దు, ఎంత దగ్గరోళ్లైనా.

కడప పిల్ల:
చాలా థాంక్స్ అన్నా. పాస్‌పోర్టు సేఠు (యజమాని) దగ్గరే ఉంటాదంట కదా?

గల్ఫ్ కాగితాలు:
చాలామంది పెట్టుకుంటారు, కానీ తప్పు. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం పనిమనిషి పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. రోజుకు 12 గంటలు మించి పని ఉండకూడదు, వారానికొక రోజు సెలవు, ఏడాదికి ఒక నెల జీతంతో సెలవు. పని ముగించి వచ్చేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం రావాల. ఈ మాటలు మీ పిన్నికి ఇప్పుడే తెలిసుండాల.

బాధ పడలేక ఇల్లు విడిచి పోతే నేరుగా ఇండియన్ ఎంబసీకే పోవాల. తెలిసినోళ్ల రూములో దాక్కుంటే సేఠు పారిపోయిందని కేసు పెడతాడు, ఖల్లివెల్లి (కాగితాలు లేని మనిషి) అయిపోతుంది, ఆ తర్వాత జీతం అడిగే మాటకు బలముండదు. మీరు ఇక్కణ్ణుంచి మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి పాస్‌పోర్టు నంబరు, కఫీల్ సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నంబరు, ఫోను, ఇంటి అడ్రసు కావాల. ఆడ అడ్రసు ఊరి పేరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరుగా ఉంటుంది. పోయిన మొదటి వారంలోనే ఇవి వాట్సాప్‌లో పంపించమనండి, ఒక్క బ్లాకు నంబరు లేకున్నా ఇల్లు కనుక్కోలేరు.