కత్తిరించిన రెక్కలతో వచ్చిన సన్ కన్యూర్‌కు మళ్లీ ఎగరడం నేర్పడం ఎలా?

పెదవాల్తేరు నుంచి (ప్రశ్న):

నమస్కారమండీ. నాలుగు నెలల క్రితం విశాఖలోనే ఒక దుకాణంలో సన్ కన్యూర్ (పసుపు, నారింజ రంగుల చిన్న విదేశీ చిలుక) పిల్లను కొన్నాము. అప్పటికి దాని వయసు మూడు నెలలని చెప్పారు. ఇంటికి తెచ్చి పంజరం తలుపు తీసిన రోజున అది మా అమ్మాయి భుజం మీదికి ఎగరబోయి, రెండడుగులైనా పోకుండానే మొజాయిక్ నేల మీద రొమ్ము ఆనేలా ధబ్బున పడింది. రెక్క విప్పి చూస్తే రెండు వైపులా చివరి ఈకలు ఏడేసి సగానికి కత్తిరించి ఉన్నాయి. కాడల చివరలు బోలుగా, కోసిన గడ్డిపరకల్లా కనిపించాయి. అమ్మేటప్పుడు ఆ సంగతి మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ స్థితిలో పక్షిని తెచ్చుకొనేవాళ్లమే కాదు.

ఇప్పుడు కుడి రెక్కలో రెండు, ఎడమ రెక్కలో ఒకటి కొత్త ఈకలు వస్తున్నాయి. కానీ అది ఎగరాలన్న ప్రయత్నమే మానేసింది. పిలిస్తే కుర్చీ కాలు పట్టుకొని కిందికి దిగి, హాలు పొడవునా నడుచుకుంటూ వస్తుంది. ఆ నడక చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటోంది. మిగిలిన మొదళ్లను పీకేస్తే కొత్తవి త్వరగా వస్తాయని ఒకరు సలహా ఇచ్చారు. అది నిజమేనా? ఇంత ఆలస్యమయ్యాక కూడా దానికి ఎగరడం వస్తుందా? మాది మూడో అంతస్తు, బాల్కనీ సముద్రం వైపు ఉంటుంది.

మధురవాడ పశువైద్యుడు:

మిగిలిన మొదళ్లను దయచేసి పీకకండి. పూర్తిగా పెరిగిన ఈక మన గోరు వంటిది, అందులో జీవం ఉండదు. కాబట్టి కత్తిరించిన చోటు నుంచి అది మళ్లీ పొడవు పెరగదు, ఈకలు మార్చుకొనే కాలం వచ్చినప్పుడు ఆ మొదలు తనంతట తానే రాలిపోయి అదే గుంతలోంచి కొత్త ఈక మొలవాలి. రెక్క చివరి ఈకల మొదళ్లు ఎముకను అంటిపెట్టుకొని ఉంటాయి. బలవంతంగా లాగితే పక్షికి విపరీతమైన నొప్పి కలగడమే కాక, గుంత దెబ్బతిని అక్కడ ఈక వంకరగా రావచ్చు, ఒక్కోసారి ఎన్నటికీ రాకపోవచ్చు. వైద్యులైనా మత్తు ఇవ్వకుండా ఆ పని చేయరు, ఇచ్చి కూడా అరుదుగానే చేస్తారు.

ఒక్కో రెక్క చివర పది పెద్ద ఈకలుంటాయి. చిలుక జాతి పక్షుల్లో ఇవి సాధారణంగా మధ్య నుంచి మొదలై అటూ ఇటూ వరుసగా మారుతాయి, అన్నీ ఒక్కసారి రాలవు. మీ పక్షికి మొదటి మార్పు ఇప్పుడే మొదలైనట్టుంది, కనుక పూర్తి రెక్క రావడానికి ఇంకా కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది.

ఈలోగా నాకు భయమున్నది కొత్త ఈకల గురించే. పెరుగుతున్న ఈక మైనపు పుల్లలాంటి తొడుగులో ఉంటుంది; దాని కాడలో రక్తం ప్రవహిస్తుంటుంది గనుక మొదట్లో ముదురు నీలంగా కనబడుతుంది. మామూలుగా దానికి పక్క ఈకలు అండగా నిలుస్తాయి. మీ పక్షికి ఆ అండ లేదు. పడినా, రాత్రివేళ బెదిరి ఊచలకు కొట్టుకున్నా ఆ కాడ విరిగి రక్తం కారుతుంది. 110 గ్రాముల పక్షి ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 10 మిల్లీలీటర్లేనని గుర్తుంచుకోండి. అలా జరిగితే కార్న్ ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో ఆ చోటును ఒత్తి పట్టుకొని వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. పట్టుకొనేటప్పుడు రొమ్మును మాత్రం నొక్కకూడదు. పక్షులకు మనలాగా ఉదరవితానం (ఊపిరి పీల్చడానికి తోడ్పడే కండరపు పొర) లేదు, రొమ్ము కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది.

ఈక అంటే దాదాపు అంతా కెరటిన్ అనే ప్రొటీనే. పొద్దుతిరుగుడు గింజల మీదే బతికే పక్షికి విటమిన్ ఏ, కాల్షియం కొరవడి ఈకలు పెళుసుగా వస్తాయి. క్యారెట్టు, మునగాకు, ఉడికించిన చిలగడదుంప, మొలకెత్తిన పెసలు రోజూ ఉండాలి, వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు చిన్న ముక్క ఇవ్వండి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, కాఫీ, టీ దాని దరి చేరనీయకండి. రొమ్ము ఎముక మీది చర్మం చిట్లిందేమో కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

ఉక్కునగరం, కాక్‌టియల్ పెంపకం:

డాక్టరు గారు చెప్పినట్టు ఈకలు వాటి కాలానికి అవే వస్తాయి. వాటితో పాటు రానిది వాలడం. పిల్ల పక్షి గూడు విడిచే వారాల్లోనే మలుపు తిరగడం, వేగం తగ్గించుకోవడం, కొమ్మ మీద నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మీ పక్షి రెక్కలు కత్తిరించినట్టున్నారు. ఎగరడం దాని ఒంట్లోనే ఉంది, వాలడం మాత్రం మీరు ఓపికగా నేర్పాలి. ఆలస్యమైందని దిగులు పడకండి. మా కాక్‌టియల్, అదీ ఒక చిన్న విదేశీ చిలుకే, రెండేళ్ల వయసులో నేర్చుకుంది.

ఈకలు వచ్చేదాకా ఖాళీగా కూర్చోబెట్టకండి, ఎందుకంటే రొమ్ము కండ కదలిక లేకపోతే కరిగిపోతుంది. వంటింటి తూకం మీద రోజూ పొద్దున్నే తినకముందు బరువు చూసి రాసుకోండి. పక్షిని వేలి మీద ఎక్కించుకొని, చేతిని మెల్లగా ఒక జానెడు కిందికి దించితే అది తూకం నిలుపుకోవడానికి రెక్కలు కొట్టుకుంటుంది. మొదట్లో అయిదారు సార్లు చాలు. ముక్కు తెరిచి రొప్పినా, రెక్కలు వేలాడేసినా ఆ పూటకు ఆపేయాలి. మన విశాఖ ఉక్కపోతలో పొద్దున్నే తొమ్మిదిలోపే ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఒక్కో రెక్కకు నాలుగైదు కొత్త ఈకలు తొడుగు విడిచి గట్టిపడ్డాక రెండు కుర్చీలను జానెడు ఎడంగా పెట్టండి. వీపులు నున్నగా ఉంటే గోళ్లు జారుతాయి, నూలు తాడు చుట్టండి. కింద పరుపు పరవండి. అవతలి వైపు కొర్ర కంకి చూపించి పిలవండి, గెంతితే అక్కడే నాలుగు గింజలు తిననివ్వండి. ఎడం పెంచడం రోజుకు నాలుగు వేళ్ల మేర మించకూడదు. మొదట ఎప్పుడూ కింది నుంచి పైకే రమ్మనండి. పైకి వచ్చేటప్పుడు వేగం దానంతట అదే తగ్గి వాలడం సులువవుతుంది. మా దానికి పదకొండో రోజున అది పట్టుబడింది. కుర్చీ అందుకొనే ముందు తోకను విసనకర్రలా విప్పి, ఒళ్లు నిటారుగా ఎత్తి, రెండు కాళ్లూ ముందుకు చాచింది. ఆ ఒక్క కదలిక వచ్చేదాకా దూరం పెంచకుండా ఆగండి. గాలిలోకి విసిరితే తానే నేర్చుకుంటుందని చెప్పేవారి మాట వినవద్దు, ఇదివరకు పడిన దెబ్బ దానికి గుర్తుంది.

సీలింగు ఫ్యాను ఆపి, స్విచ్చు మీద కాగితం అంటించండి; ఎగరడం వచ్చిన పక్షికి ఇంట్లో దాన్ని మించిన గండం లేదు. అద్దాల తలుపుల మీద కాగితపు పట్టీలు అతికించండి. వంటింట్లోకి రానివ్వకండి. నూనె మూకుడు ఒక ప్రమాదమైతే, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ ఇంకొకటి, ఆ పొగకు పక్షులు నిమిషాల్లో చనిపోతాయి.

ఎం.వి.పి. కాలనీ:

బాల్కనీ గురించి ఒక్క మాట. రెక్కలు సగం వచ్చిన పక్షి ఇంట్లో మూడడుగులే ఎగురుతోంది కదా అని ధీమాగా ఉండకండి, సముద్రపు గాలి తగిలితే అదే పక్షి పక్క వీధి దాటిపోతుంది. దిగడం తెలియదు కనుక ఎత్తయిన చెట్టెక్కి కూర్చుంటుంది, కాకులూ గద్దలూ వెంటపడతాయి. పావురాల కోసం కట్టే నైలాన్ వలను కన్యూర్ ముక్కు కొరికేస్తుంది. స్టీలు జాలీ వేయించండి.

సన్ కన్యూర్ గయానా, ఉత్తర బ్రెజిల్ ప్రాంతాల పక్షి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలు కిందికి వస్తుంది కాబట్టి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన రామచిలుక సంగతి వేరు, దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. ఇది చదివేవారి దగ్గర రెక్కలు కత్తిరించిన రామచిలుక ఉంటే ఆ స్థితిలో బయటికి వదిలేయకుండా అటవీశాఖ వారికి అప్పగించండి.

పెదవాల్తేరు నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. అయిదు నెలల తరువాత రాస్తున్నాను. మొదళ్లు పీకలేదు. ఎడమ వైపు రెండు పాత ఈకలు తప్ప అన్నీ వచ్చాయి, బరువు 104 నుంచి 113 గ్రాములకు చేరింది. కుర్చీ నుంచి కుర్చీకి ఆరడుగులు చక్కగా వస్తోంది. అయితే నిన్న బెదిరి కర్టెన్ కడ్డీ మీదికి ఎగిరి, దిగడం తెలియక గంటసేపు అక్కడే అరుస్తూ కూర్చుంది. నిచ్చెన వేసి దించాము.

ఉక్కునగరం, కాక్‌టియల్ పెంపకం:

చాలా సంతోషమండీ. ఇకమీదట నిచ్చెన వేసి దించకండి, దించితే ఎదురుచూడడమే అలవాటు చేసుకుంటుంది. కడ్డీకి ఒక అడుగు కింద, కొంచెం ముందుగా జామకొమ్మ ఒకటి బిగించి, దాని మీద కొర్ర కంకి పెట్టి మీరు పక్కన నిలబడండి. అక్కడికి దిగడం అలవాటయ్యాక కొమ్మను ఇంకో అడుగు కిందికి మార్చండి, ఆ తరువాత దాని స్థానంలో మీ చెయ్యి పెట్టండి. నిటారుగా దిగలేక మొదట గది చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తుంది, అలా తిరగనివ్వండి.