అప్‌డేట్: బేబీ కదలికలు తెలియట్లేదని అడిగాను కదా

20వ వారం దాటినా కదలికలు తెలియట్లేదని, మొదటి కాన్పు కావడంతో టెన్షన్‌గా ఉందని అడిగాను కదా. స్కాన్ అయింది, అంతా బాగుంది. మాయ (ప్లాసెంటా) గర్భసంచి ముందు గోడకి ఉందట. మధ్యలో దిండు అడ్డుపెట్టినట్టే కాబట్టి తన్నులు ఆలస్యంగా తెలుస్తాయన్నారు డాక్టర్. స్క్రీన్ మీద చూస్తే కాళ్ళు తెగ ఆడించేస్తోంది, నాకేమో ఏమీ లేదు!

నిన్న రాత్రి పక్కకి తిరిగి పడుకుంటే పొత్తికడుపులో ఓ పక్కగా టిక్కుటిక్కుమంది. గ్యాసేమో అనుకున్నా, మళ్ళీ అదే చోట.

24 వారాలకీ తెలియకపోయినా, తెలియడం మొదలయ్యాక తగ్గినట్టు అనిపించినా మర్నాటిదాకా ఆగకుండా వచ్చి చూపించుకోమన్నారు డాక్టర్. "ఊరికే భయపడకు" అన్నవాళ్ళ కంటే "వెళ్ళి చూపించుకో" అన్న అక్కలకే ఎక్కువ థాంక్స్. మా ఆయనకి చెయ్యి పెట్టినా ఇంకా ఏమీ తెలియట్లేదు, కాస్త అలిగారు.