పరమేశ్వరుడి బండికీ మా గరాజ్ తలుపుకీ ఒకే కందెన

మొదటి పోస్టు, మినియాపొలిస్ నుంచి:

గ్రూపులో అందరికీ నమస్కారం. అడగాల్సింది ఒక మాట గురించి. కానీ ముందు మా గరాజ్ తలుపు గోడు వినాలి, అది చెప్పకుండా మాట దగ్గరికి రాలేను. (మన ఊళ్లో గ్యారేజీ అంటే మెకానిక్ షెడ్డు. ఇక్కడ ఇంట్లో కారు పెట్టుకునే గది. అందుకే గరాజ్ అంటున్నాను. ‘కారు సావిడి’ అందామంటే మా ఆవిడ పడీపడీ నవ్వింది.)

వారం రోజులుగా ఇక్కడ పొద్దుటిపూట మైనస్ 25. సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి, కారు లోపల పెట్టి బటన్ నొక్కాను. తలుపు దిగుతూ దిగుతూ, ఇంకో మూరెడు ఉందనగా ఆగి, ఏదో మర్చిపోయిన మనిషిలా మళ్లీ పైకి వెళ్లిపోయింది. మోటారు దగ్గర లైటు టపటపా కొట్టుకుంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే.

మొదట సెన్సర్లని అనుమానించాను. తలుపుకి అటూ ఇటూ నేల నుంచి 6 అంగుళాలు మించని ఎత్తులో రెండు కళ్లుంటాయి. వాటి మధ్య కంటికి కనపడని కిరణం ఒకటి నడుస్తుంది. దిగే తలుపు కిందకి పిల్లాడో పిల్లో వస్తే కిరణం తెగి తలుపు వెనక్కి పోతుంది. ఇళ్లలో వాడే మోటార్లకి 1993 నుంచి అమెరికాలో ఇలాంటి రక్షణ చట్టప్రకారం ఉండాల్సిందే. చూస్తే ఒక కంటికి పల్చగా మంచు పొర. బనీను గుడ్డతో తుడిచాను, రెండు దీపాలూ నిలకడగా వెలిగాయి. తలుపు మాత్రం అదే నాటకం.

అప్పుడే నాన్న కాల్ చేశారు. తెనాలిలో తెల్లారుతోంది. “తలుపు మొరాయిస్తోంది నాన్నా” అన్నాను.

“కందెన పెట్టావా?”

పాతికేళ్లయింది ఆ మాట విని. “పెట్టాను నాన్నా, అక్టోబర్లోనే. తలుపు చక్రాలు నడిచే పట్టాలకి ఈ చివర నుంచి ఆ చివర దాకా దట్టంగా పూశాను” అన్నాను గర్వంగా.

“పట్టాలకెందుకురా! ఇరుసుకి కదా పెట్టేది. ‘ఇరుసున గందెన బెట్టక పరమేశ్వరు బండియైన బాఱదు’ అని చదువుకోలేదూ?”

ఫోను చెవిన పెట్టుకునే, రెండో చేతి వేలితో పట్టాని తాకి చూశాను. అక్టోబర్లో వెన్నలా ఉన్న గ్రీజు ఇప్పుడు పేరిన నెయ్యిలా గట్టిపడి, దుమ్ము కలిసి నల్లగా ఉంది. చక్రాలు దొర్లడం లేదు, అందులో ఈడ్చుకుపోతున్నాయి. మోటారుకి ఎంత బలం పడుతోందో కొలిచే ఏర్పాటు ఉంటుంది. బలం ఎక్కువైతే కింద ఏదో అడ్డొచ్చిందనుకుని అది తలుపుని వెనక్కి తిప్పేస్తుంది. అంటే తలుపు చెడిపోలేదు. నేనే దాని దారిలో బురద చేశాను.

ఇప్పుడు ప్రశ్న. కందెన అంటే బండి ఇరుసుకి పెట్టే గ్రీజు ఒక్కటేనా, డబ్బాలోంచి కొట్టే సిలికాన్ స్ప్రేని కూడా కందెన అనొచ్చా? ఆ పద్యం పూర్తిగా ఎవరికైనా వచ్చా?

రాజమండ్రి నుంచి ఒక మాస్టారు:

పద్యం సుమతీ శతకంలోది.

కరణముల ననుసరింపక
విరిసంబున దిన్న తిండి వికటించు జుమీ
యిరుసున గందెన బెట్టక
పరమేశ్వరు బండియైన బాఱదు సుమతీ!

ఊరి లెక్కలు రాసే కరణంతో సఖ్యంగా ఉండకుండా విరోధం పెట్టుకుంటే తిన్నది కూడా వంటబట్టదు, ఇరుసుకి కందెన పెట్టకపోతే సాక్షాత్తూ శివుడి బండి అయినా కదలదు అని. అంటే ఇక్కడ కందెనకి అసలు అర్థం చేతులు తడపడమే! కంద పద్యంలో కందెన గురించి చెప్పడం ఒక తమాషా. ప్రాస చూడండి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం రేఫ, అంటే ‘ర’. ‘ఇరుసు’ అన్న మాట ఆ ప్రాసకి ఎంత కుదురుగా కూర్చుందో.

అన్నట్టు, మీ నాన్నగారు కింది రెండు పాదాలే చదివి పై రెండూ మింగేశారు. కొంపదీసి మీది కరణాల ఇల్లు కాదు కదా?

మొదటి పోస్టు రాసినాయన:

పట్టేశారు మాస్టారూ. మా తాతగారు కరణమే. 1984లో ఆ పదవులు తీసేసేదాకా చేశారు. ఇంట్లో ఈ పద్యం సగం నుంచే ఎందుకు మొదలవుతుందో నాకు ఇవాళ తెలిసింది.

కరీంనగర్ తమ్ముడు, ఇప్పుడు చికాగో:

అన్నా, మొరాయించడం అన్నారు కదా, ఆ మాట నాకు ఈవీఎంల వార్తల్లోనే కనిపిస్తుంది. ‘మొరాయించిన ఈవీఎంలు’ అని ఎన్నికల రోజు ప్రతి పేపర్లో ఉంటుంది. మా దిక్కు బండైనా మోటారైనా ‘సతాయిస్తుంది’ అంటారు. రెండూ ఒకటి కాదు. మొరాయించేది కదలనంటుంది, సతాయించేది కదులుతుంది కానీ ప్రాణం తీస్తుంది. మీ తలుపు సగం దాకా వచ్చి వెనక్కి పోతోందంటే అది సతాయించడమే.

ఇంకో మాట. పట్టాలు శుభ్రం చేసినా పని కాకపోతే తలుపు బరువు మోసే స్ప్రింగ్ చూడండి. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే మోటారు దగ్గర వేలాడే ఎర్ర తాడు లాగి మోటారు విడదీయండి. చేత్తో నడుము ఎత్తుకి లేపి వదిలితే తలుపు అక్కడే నిలబడాలి. లేవకుండా బండరాయిలా ఉందంటే స్ప్రింగ్ పోయినట్టే. మామూలు స్ప్రింగులు 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేస్తారు, రోజుకి నాలుగుసార్లు వాడితే ఏడేళ్లు. చలికి ఉక్కు పెళుసెక్కుతుంది కాబట్టి ముసలి స్ప్రింగులు చలికాలంలోనే తెగుతాయి. మాది తెగినప్పుడు తుపాకీ పేలిందనుకుని పక్కింటాయన బయటికొచ్చాడు. అది తెగితే మీరు చెయ్యి పెట్టకండి, దాంట్లో ఉండే బిగువు మనిషిని చంపగలదు. దానికి పనివాణ్ణి పిలవాల్సిందే.

టొరంటో అక్క:

తెలుగుతో నాకు తలుపు దగ్గరే పరువు పోయింది. పోయిన జనవరిలో కారు మీది మంచు కరిగి, ఆ నీళ్లు తలుపు కిందికి పారి, రాత్రికి రాత్రి అడుగున ఉండే రబ్బరు పట్టీ నేలకి పట్టేసింది. కంగారులో విజయవాడ ఫ్యామిలీ గ్రూపులో ‘మా గరాజ్ తలుపు అంటుకుంది’ అని పెట్టాను. రెండు నిమిషాల్లో మా అత్తయ్య ఫోను. “కారు బయటికి తీశారా? ఫైరింజన్ వచ్చిందా?”

చలికి గడ్డకట్టి అంటుకున్నా అంటుకోవడమే, నిప్పు అంటుకున్నా అంటుకోవడమే. ‘అతుక్కుపోయింది’ అనుంటే ఆవిడకి బీపీ పెరిగేది కాదు.

చేసిన తప్పు కూడా చెబుతాను. బకెట్టుడు వేణ్ణీళ్లు పోశాను. తలుపు వచ్చింది కానీ అరగంటలో ఆ నీళ్లే మళ్లీ గడ్డకట్టి ఈసారి ఇంకా గట్టిగా పట్టింది. బటన్ నొక్కుతూనే ఉంటే పట్టీ చిరిగింది. హెయిర్ డ్రయ్యర్ పెట్టి, ప్లాస్టిక్ గరిటెతో గీకి, తడి పూర్తిగా తుడిచి, రబ్బరుకి సిలికాన్ రాస్తే తిప్పలు తప్పాయి. రిమోట్ పలక్కపోతే బ్యాటరీ చలికి నీరసించిందేమో చూసుకోండి. పావుగంట జేబులో పెట్టుకుంటే కోలుకుంటుంది.

అనంతపురం నుంచి ఒక పెద్దాయన:

కందెన మేం ఇంట్లోనే చేసేవాళ్లం. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, చేతికి జారకుండా నిలిచేదాకా నూరేవాళ్లు. వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాళ్లు. శీల ఊడదీసి, చక్రం కొంచెం పక్కకి లాగి, ఇరుసు చుట్టూ వేలితో పెట్టి మళ్లీ బిగించడం పిల్లల పని. చొక్కాకి అంటితే ఇక ఆ మరక పోదు, వీపు మీద అమ్మ దెబ్బలు అదనం. కందెన అయిపోయిన బండి కిర్రుమంటూ పక్క ఊరి దాకా వినపడేది.

క్రియ గమనించండి. కందెన ‘పెడతాం’, పద్యంలో కూడా ‘బెట్టక’ అనే ఉంది. నూనె వేస్తాం, రంగు పూస్తాం. మీ స్ప్రేని ‘కొడతాం’ అంటున్నారు. కందెన కొట్టడం అంటే నా చెవికి కటువుగా ఉంది.

మొదటి పోస్టు రాసినాయన:

తాతగారూ, మీ కందెన మినసోటాలో పనికిరాదండోయ్. ఆముదం మైనస్ 10, మైనస్ 18 మధ్య ఎక్కడో గడ్డకట్టేస్తుంది. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 33 పడింది. ఆ చలిలో పరమేశ్వరుడి బండి కూడా కైలాసం దిగేది కాదు.

రాజమండ్రి మాస్టారు:

కైలాసంలో ఎండ కాస్తుందనుకుంటున్నావా నాయనా? ఆయన బండి మామూలుది కాదు. త్రిపురాల మీదికి వెళ్లినప్పుడు భూమే రథం, సూర్యచంద్రులు చక్రాలు. అలాంటి బండికి కూడా కందెన కావాల్సిందే అనడంలో ఉంది ఆ కవి కొంటెతనం.

అసలు ప్రశ్నకి జవాబు. తెలుగు మీడియం సైన్సు పుస్తకాల్లో ఘర్షణ పాఠంలో ‘కందెనలు’ అని బహువచనంలోనే ఉంటుంది. గ్రీజు, నూనె అన్నీ అందులోకే వస్తాయి. కాబట్టి స్ప్రే కూడా కందెనే, నిశ్చింతగా రాయండి. ‘కొట్టడం’ గురించి పెద్దాయనతో నేను ఏకీభవించను. దోమల మందు కొడుతున్నాం కదా, కందెన కూడా కొట్టుకోవచ్చు.

కరీంనగర్ తమ్ముడు:

ఆముదాన్ని తక్కువ చెయ్యకండి అన్నా. కాస్ట్రాల్ అనే ఆయిల్ పేరులో ఉన్నది ఆముదమే. 1909లో ఆ పేరు పెట్టారు, ఆముదాన్ని ఇంగ్లీషులో కాస్టర్ ఆయిల్ అంటారు కాబట్టి.

డబ్ల్యూడీ-40 నీలం డబ్బా కొడదామని మాత్రం అనుకోకండి. పేరులోని రెండక్షరాలకి అర్థమే నీటిని తోసేయడం. పట్టేసిన బోల్టు ఊడదీయడానికీ, పాత గ్రీజు కరిగించి తుడవడానికీ మంచిది. కందెనగా ఎక్కువ రోజులు నిలవదు. తుడిచాక చలికి తట్టుకునే సిలికానో, తెల్ల లిథియం గ్రీజో పెట్టండి.

మొదటి పోస్టు రాసినాయన, మరుసటి రోజు:

పని అయింది. తమ్ముడు చెప్పినట్టు నీలం డబ్బా, పాత తువ్వాలు పట్టుకుని రెండు పట్టాలూ తుడిచాను. బొగ్గు గని పనివాడిలా తయారయ్యాను. పట్టాలని పొడిగానే వదిలేశాను. చక్రం మీద కాదు, చక్రం దాని ఇరుసు చుట్టూ తిరిగేచోట బేరింగులోకి కొంచెం, పలకల మధ్య మడతబందుల కీళ్లకి కొంచెం, పైన స్ప్రింగు చుట్టల మీద పల్చగా కొట్టాను. మీ అనుమతితో కందెన కొట్టాను అనే అంటున్నాను. ఎర్ర తాడు లాగి చూశాను, తలుపు నడుము ఎత్తులో బుద్ధిగా నిలబడింది. మోటారు తగిలించి బటన్ నొక్కితే ఒక్క దమ్ములో నేలకి దిగింది.

వీడియో తీసి నాన్నకి పంపాను. భేష్ అంటారనుకున్నాను. వెంటనే జవాబు వచ్చింది: “ఎడమ పక్క కిందనుంచి మూడోదానికి పెట్టలేదు నువ్వు. కిర్రుమంటోంది.”

టార్చి వేసుకుని వెళ్లి చూశాను. ఆ ఒక్కటే పొడిగా ఉంది.