మింగేటప్పుడు స్పృహ తప్పుతోంది: లోపం గొంతులోనా, గుండెలోనా?

ప్రశ్న (మలక్‌పేట):
మా నాన్నగారికి 68 ఏళ్లు. రక్తపోటుకు మెటోప్రొలాల్ మాత్ర వాడుతున్నారు. మొన్న చల్లని సోడా గుక్క మింగగానే కళ్లు బైర్లు కమ్మి కుర్చీలోనే ఒరిగిపోయి, కాసేపట్లోనే తేరుకున్నారు. నిన్న పెద్ద అన్నం ముద్ద మింగుతుండగా మళ్లీ అలాగే జరిగింది. దగ్గు రాలేదు, పొలమారలేదు. ఇంట్లో అందరూ గ్యాస్ అంటున్నారు. ఎవరికి చూపించాలి?

జవాబు 1:
నేను గుండె వైద్యుణ్ణి. మీరు చెప్పినది అరుదైనదే గానీ, వైద్యులకు తెలిసిన సమస్యే. ముద్ద అన్నవాహికను సాగదీసినప్పుడు అక్కడి నుంచి వేగస్ నరం (మెదడును గుండెతో, అన్నవాహికతో కలిపే నరం) ద్వారా మెదడుకు సంకేతం వెళుతుంది. కొందరిలో దానికి ప్రతిస్పందన అతిగా ఉండి, అదే నరం గుండె వేగాన్ని ఒక్కసారిగా తగ్గిస్తుంది, లేదా పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ ప్రేరణ చేరకుండా అడ్డుకుంటుంది. గుండె కొన్ని సెకన్లు ఆగితే చాలు, మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. చల్లని, గ్యాస్ నిండిన పానీయాలు, పెద్ద ముద్దలు దీన్ని తరచుగా ప్రేరేపిస్తాయి. హయేటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరగడం), అన్నవాహిక బిగుసుకుపోవడం వంటి జబ్బులు దీని వెనుక ఉండవచ్చు. గుండె విద్యుత్ వ్యవస్థ ముందే బలహీనంగా ఉన్నవారిలోనూ, మెటోప్రొలాల్, డిజాక్సిన్ వంటి గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారిలోనూ ప్రమాదం ఎక్కువ. అయినా మాత్రను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. ముందు ఈ వారమే కార్డియాలజిస్టును కలవండి.

జవాబు 2 (కూకట్‌పల్లి):
మా అమ్మకూ మింగేటప్పుడు ఇలాగే అయ్యేది, కానీ మామూలు ఈసీజీలో ఏ లోపమూ కనిపించలేదు. అందుకే చాలాకాలం అందరూ భయం వల్లేనన్నారు. చివరకు ఒక వైద్యురాలు మానిటర్ తగిలించి, పక్కన డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) సిద్ధంగా పెట్టి, ఇడ్లీ ముక్క మింగమన్నారు. ఆమె గొంతు కదిలిన మరుక్షణమే తెరమీద గీత చదునైంది, ఆ తరువాత మళ్లీ లేచింది. ఎండోస్కోపీలో అన్నవాహిక బాగానే ఉందని తేలాక పేస్‌మేకర్ (గుండె నెమ్మదిస్తే కొట్టుకునేలా చేసే పరికరం) అమర్చారు. కాబట్టి మింగుతున్నప్పుడు ఈసీజీ తీయమని తప్పక అడగండి. ఇంట్లో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.

జవాబు 1 (మళ్లీ):
పై మాట నిజం. అయితే అందరికీ పేస్‌మేకర్ అవసరం ఉండదు. మందు మార్చితేనో, అన్నవాహిక జబ్బు నయమైతేనో కొందరిలో ఈ సమస్య పోతుంది. రక్తపోటు పడిపోవడమే ప్రధాన కారణమైన వారికి పేస్‌మేకర్ పూర్తి పరిష్కారం కాదు. వైద్యుణ్ణి కలిసేవరకు నాన్నగారిని కూర్చుని, చిన్న ముద్దలుగా, నెమ్మదిగా తినమనండి, చల్లని సోడాలు మానిపించండి, బండి నడపనివ్వకండి. ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.