ఆష్విట్జ్ చూసొచ్చాక "ఎలా ఉంది" అంటే నోరు పెగలట్లేదు, మీకూ ఇంతేనా?

పోయిన వారం పోలాండ్‌లోని క్రాకోవ్ నుంచి బస్సులో ఆష్విట్జ్ వెళ్ళొచ్చాం, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల్ని తెచ్చి చంపిన క్యాంప్, ఇప్పుడు మ్యూజియం. 4వ బ్లాక్‌లో అద్దం వెనక అక్కడ చంపేసినవాళ్ళ జుట్టు ఉంటుంది, దాదాపు 2 టన్నులట, అక్కడ ఫోటోలు తియ్యకూడదు, మా గ్రూప్‌లో ఒకావిడ ఏడుస్తూ బయటికెళ్ళిపోయింది, నేను మాత్రం రాయిలా నిలబడి చూశానండి. గైడ్ ఇక్కడ 11 లక్షల మంది చనిపోయారు అన్నప్పుడూ అంతే, బుర్రకెక్కలేదు. తీరా 5వ బ్లాక్‌లో గిన్నెలు చూశాక కాళ్ళు కదల్లేదు. మామూలు ఎనామిల్ గిన్నెలు, అంచుల దగ్గర పెచ్చులూడిపోయి. వేరే ఊరికి పంపిస్తున్నారంటే నమ్మి, వెళ్ళాక వండుకోవాలి కదా అని మోసుకొచ్చినవి. మనుషుల జుట్టు చూసి చలించనిదాన్ని గిన్నెలకి ఏడవడమేంటని అప్పట్నుంచి నన్ను నేనే తిట్టుకుంటున్నా.

జవాబు 1:
తిట్టుకోకండి. జుట్టు సంగతి అందరం ముందే చదివి వెళ్తాం, గిన్నెల గురించి ఎవరూ చెప్పరు. నాకు పెట్టెల దగ్గర అయింది. తెల్ల పెయింట్‌తో పెద్ద పెద్ద అక్షరాల్లో పేరు, కొన్నిటి మీద పుట్టిన తేదీ, తర్వాత ఎవరిది వాళ్ళకి ఇస్తామంటే రాసుకున్నారు పాపం. సంవత్సరం చూసి వయసు లెక్కేయడం మొదలెట్టా, నాలుగో పెట్టె దగ్గర ఆపేశా.

జవాబు 2:
నాకైతే మొదటి క్యాంప్‌ ఇటుక బిల్డింగ్‌లు, వరసగా చెట్లు, ఏదో పాత కాలేజీలా అనిపించింది (ఇలా అనొచ్చో లేదో). అక్కడికి 3 కిలోమీటర్లు బిర్కెనావ్, అదే ఆష్విట్జ్ రెండో క్యాంప్. చెక్క షెడ్లు చాలావరకు పోయి పొగగొట్టాలు మాత్రం మొండిగా నిలబడున్నాయి, చూసినంత మేరా అవే. 1944లో రెండు నెలలు కూడా తిరక్కుండా 4 లక్షల పైచిలుకు హంగరీ యూదుల్ని తెచ్చి దింపింది ఇక్కడే, పిల్లల్ని ఎత్తుకున్న తల్లుల్నీ ముసలాళ్ళనీ పక్కకి తీసి అట్నుంచటే గ్యాస్ చాంబర్లకి. పట్టాల వెంట చివరిదాకా నడిచా, నాజీలు పేల్చేసిపోయిన గ్యాస్ చాంబర్ల శిథిలాలు అలాగే పడున్నాయి. వెనక్కి తిరిగితే అవే పట్టాల మీద ఒకమ్మాయి చేతులు చాపి బ్యాలెన్స్ చేస్తూ ఫోటో దిగుతోంది. ఒళ్ళు మండింది. మ్యూజియం వాళ్ళు 2019లో ట్విట్టర్‌లో పెట్టి మరీ వద్దన్నారు, అయినా వింటేగా.

జవాబు 3:
ఫోటోల వాళ్ళ మీద నాకంత కోపం రాదు. మా తమ్ముడు అక్కడ ఉన్నంతసేపూ పిచ్చి జోకులేశాడు, రాత్రి హోటల్లో అన్నం ముట్టలేదు. మళ్ళీ వెళ్తే 27వ బ్లాక్ వదలకండి, పెద్ద పెద్ద కాగితాల మీద హోలోకాస్ట్‌లో (నాజీలు చేసిన యూదుల ఊచకోతలో) పోయినవాళ్ళ పేర్లు, 40 లక్షలకి పైనే, చేత్తో తిప్పి చూడొచ్చు. పేజీలకి పేజీలు ఒకే ఇంటిపేరు వస్తుంటుంది.

అడిగినవారు:
27 మేం చూడలేదండి, టైమ్ చాల్లేదు. నిన్న రాత్రి ఇంట్లో గిన్నెల గురించి చెప్పా. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మూతలు కూడా ఉన్నాయా" అనడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.