పచ్చళ్ళ వ్యాపారం లెక్కలు: ఆడిటర్‌కు ఇవ్వాలా, నేనే రాసుకోవాలా?

హొరమావు పచ్చళ్ళు
నమస్కారం. బెంగళూరులో మా ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతాను. మొదట మా అపార్ట్‌మెంటు వాళ్ళకే ఇచ్చేదాన్ని. ఇప్పుడు కొరియర్‌లో హైదరాబాదు, విజయవాడ కూడా వెళ్తున్నాయి. నిరుడు అమ్మకం 19 లక్షలు దాటింది. లెక్కంతా ఒక నోటు పుస్తకంలోనే ఉంది. ఆడిటర్ను అడిగితే నెలకు 3,000 అన్నారు, ఏడాది చివర ఆదాయపు పన్ను రిటర్నుకు వేరే ఇవ్వాలట. కంప్యూటరులో లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాము నేర్చుకుని నేనే చేసుకోవడం మేలా? గ్యాసు, కరెంటులో వ్యాపారం వాటా ఎలా రాయాలి? కొందరు మా వారి ఫోనుకు డబ్బు పంపుతారు, అది ఎక్కడ చూపాలి? ఏడాది అమ్మకం 40 లక్షల లోపే కదా అని జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఇంకా తీసుకోలేదు.

చిక్‌పేట పద్దులు
చెల్లెమ్మా, 1998 నుంచి బట్టల కొట్లకు లెక్కలు రాస్తున్నాను. ఎర్ర అట్ట ఆవర్జాలు (ఖాతా పుస్తకాలు) రాసిన చేత్తోనే టాలీ కూడా కొట్టాను. నా మాట వినండి, ఈ మాత్రం వ్యాపారానికి ఆడిటర్ శుద్ధ దండగ. రోజూ పడుకునే ముందు చిట్టా రాయండి, నెలకోసారి మొత్తాలు వేయండి. ఆదాయపు పన్నుకు అంచనా లాభం చూపే పద్ధతి (1961 చట్టంలో 44ఏడీ సెక్షన్) ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకంలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపితే పుస్తకాలు కూడా అడగరు. ఆడిటర్లు భయపెట్టి బతుకుతారు.

ఒకప్పటి మెస్ యజమాని
భయపెట్టినా బాగుండేది. మా ఆడిటర్ అది కూడా చేయలేదు. మారతహళ్ళిలో మెస్ నడిపాను. జీఎస్టీ పోర్టల్‌లో ఫోను నంబరు, ఈమెయిలు రెండూ ఆయనవే పెట్టుకున్నారు. మెస్ మూసేశాక రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టమని చెప్పి ఊరెళ్ళాను. పెట్టలేదు. అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాలి. వేయకపోతే రోజుకు 20 రూపాయలు, ఒక్కో రిటర్నుకు 500 దాకా. నెలకు రెండు రిటర్నులు. నోటీసులన్నీ ఆయన ఈమెయిలుకు, ఓటీపీలన్నీ ఆయన ఫోనుకు. చివరికి శాఖవాళ్ళే రద్దు చేశారు, ఆఖరి రిటర్ను జీఎస్టీఆర్-10 నా మెడకు చుట్టుకుంది. నంబరు మార్పించడానికి పాన్, ఆధార్ పట్టుకుని మా ప్రాంతం చూసే జీఎస్టీ అధికారి బల్ల ముందు నిలబడ్డాను. ఆడిటర్ ఉండాలా వద్దా అన్నది తరువాత. అమ్మా, పోర్టల్‌లో నంబరు మాత్రం మీదే పెట్టండి.

చిక్‌పేట పద్దులు
చూశారా? నేను చెప్పింది అదే.

ఆర్టికల్‌షిప్ అమ్మాయి
అక్కా, నేను ఆడిటర్ ఆఫీసులో శిక్షణలో ఉన్నాను. అసలు సంగతి అందరూ దాటేశారు. మీరు హైదరాబాదుకు, విజయవాడకు పంపుతున్నానన్నారు. సరుకు అమ్మేవారికి ఉన్న 40 లక్షల పరిమితి కర్ణాటక లోపలే అమ్ముకునే వారికి. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే, కొన్ని హస్తకళల వస్తువులకు తప్ప, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ చదవండి. చిన్న వ్యాపారులు అమ్మకం మీద ఒక శాతం కట్టే కాంపొజిషన్ పథకం కూడా మీకు కుదరదు. అందులో ఉన్నవారు రాష్ట్రం బయటకు అమ్మకూడదు.

చిక్‌పేట పద్దులు
కొరియర్‌లో రెండు సీసాలు పంపితే అంతర్రాష్ట్ర వ్యాపారమా? ప్రతి తల్లీ అమెరికాలో ఉన్న కొడుక్కి ఆవకాయ పంపుతుంది. ఆమె కూడా జీఎస్టీ నంబరు తీసుకోవాలా?

ఆర్టికల్‌షిప్ అమ్మాయి
తల్లి కొడుకు దగ్గర డబ్బు తీసుకోదు కదండీ. ఈ అక్క తీసుకుంటున్నారు.

చిక్‌పేట పద్దులు
పాతికేళ్ళకు పైగా రాస్తున్నాను, నేను రాసిన ఒక్క కొట్టుకూ నోటీసు రాలేదు. పుస్తకంలో చదివినది అప్పగించడం సులువు. ఒక కొట్టు లెక్క చేత్తో రాసి చూపించు, అప్పుడు మాట్లాడదాం.

జయనగర చీరలు
పెద్దాయనా, ఆ అమ్మాయిని ఏకవచనంలో పిలవడం ఎందుకు? మీరు రాసేవి చిక్‌పేట హోల్‌సేల్ కొట్లు. వాటన్నింటికీ ముందునుంచే రిజిస్ట్రేషన్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా బయటి రాష్ట్రానికి సరుకు పంపే అవసరం మీ ఖాతాదార్లకు ఎప్పుడూ పడి ఉండదు. అందుకే ఈ సెక్షన్ మీ కంట పడలేదు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. నేను విజయవాడకు చీరలు పంపడం మొదలుపెట్టే ముందే తీసుకున్నాను.

చిక్‌పేట పద్దులు
కంట పడకపోవడం ఏమిటి? చదివాను. చిన్నవాళ్ళ మీద ఎవరూ కేసు పెట్టరు అంటున్నాను.

రామమూర్తి నగర కూరగాయలు
ఎవరూ పెట్టరా? 2025 జులైలో మీరు బెంగళూరులో లేరా? యూపీఐలో ఎంత పడిందో చూసి చిన్న కొట్లకు నోటీసులు పంపారు. మా వీధిలో బేకరీ, టీ కొట్టు గోడలమీద నగదు మాత్రమే అని కాగితాలు అంటించారు. నాకూ వచ్చింది. నేను అమ్మేవి కూరగాయలు, పండ్లే. వాటిమీద పన్ను లేదు. కానీ ఆ మాట నేనే రుజువు చేసుకోవాలి కదా. ఏ రోజు ఎంత టమాటా కొన్నానో మా ఆవిడ రాసిన పుస్తకం ఉంది. మార్కెట్ మండీ చీటీలు నెలవారీగా రబ్బరు బ్యాండు వేసి డబ్బాలో పెట్టింది. వాటిలో సగానికి పైగా కన్నడ చేతిరాత, తడిసి సిరా పాకినవి కూడా ఉన్నాయి. అయినా తేదీ, బరువు, మొత్తం కనబడ్డాయి. అవే జిరాక్స్ తీయించి జవాబుతో ఇచ్చాను. ఆడిటర్ ఆ జవాబు రాసినందుకు తీసుకున్నది నాకు బరువనిపించలేదు. చీటీలు లేకపోతే ఆయనైనా ఏం రాస్తారు?

మహదేవపుర పీజీ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా పీజీ హాస్టల్లో మంచానికి 9,500 తీసుకుంటాం. దీనికి జీఎస్టీ ఉందని ఒకరు, లేదని ఒకరు అంటున్నారు.

ఆర్టికల్‌షిప్ అమ్మాయి
మనిషికి నెలకు 20,000 మించకుండా, ఏకధాటిగా కనీసం 90 రోజులు ఉండేవారికి లేదు. 2024 జులై నుంచి ఉన్న మినహాయింపు ఇది. వారం, పది రోజులకు వచ్చిపోయేవారికి వర్తించదు. ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు ఖాళీ చేశారో రిజిస్టరులో తేదీలు ఉండాలి.

మహదేవపుర పీజీ
రిజిస్టరు ఉంది. ఖాళీ చేసిన తేదీ మాత్రం ఎవరూ రాయరు, పరుపు చుట్టుకుని వెళ్ళిపోతారు.

జయనగర చీరలు
అసలు ప్రశ్నకు వస్తాను. రిటర్నులు ఆడిటర్ వేస్తారు, కొనుగోళ్ళు నేను సరిచూసుకుంటాను. ప్రతినెలా 14న జీఎస్టీఆర్-2బీ వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్ళు తమ రిటర్నులో మన పేరున చూపిన బిల్లులు అందులో ఉంటాయి. అక్కడ లేని బిల్లుకు కట్టిన పన్ను మనకు తిరిగి జమకాదు, అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గదు. ఆ రోజు బిల్లుల ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో ఒక్కొక్క నంబరు చదువుతూ పెన్సిలుతో టిక్కు పెడతాను. ఒకసారి పెద్ద బిల్లు ఒకటి కనబడలేదు. హోల్‌సేల్ కొట్టు గుమాస్తా నా 15 అక్షరాల జీఎస్టీ నంబరులో ఒకటి తప్పు కొట్టాడు. నా చీరల పన్ను ఎవరి ఖాతాకో వెళ్ళింది! 20న రిటర్ను వేసే లోపు పట్టుకున్నాను కాబట్టి కొట్టువాళ్ళతో పోట్లాడి మరుసటి నెల సవరణలో మార్పించాను. మా ఆడిటర్ దగ్గర ఇంకా చాలామంది ఉంటారు. ఆయన నా ఒక్క బిల్లు కోసం వెతుకుతారని ఎలా అనుకుంటాం?

ఆర్టికల్‌షిప్ అమ్మాయి
వెతుకుతాం అక్కా, బిల్లులు ఇస్తే! 19వ తేదీ రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ఫోటోలు వస్తాయి. సగం బిల్లులు వేడికి అచ్చు వెలిసిన మిషను కాగితం, దుకాణం పేరు తప్ప అంకె కనబడదు. ఒకాయన కూతురి పుట్టినరోజు కేకు బిల్లు కూడా పంపారు, ఖర్చులో రాయమని. మూడు వేలు ఎక్కువ అంటారు గానీ, అందులో మా నిద్ర కూడా ఉంది.

చిక్‌పేట పద్దులు
కేకు రాయకూడదని చెప్పడానికి మూడు వేలా?

ఒకప్పటి మెస్ యజమాని
మా ఆడిటర్ రాసేవారు. కేకే కాదు, ఆయన కారు పెట్రోలు కూడా నా మెస్ ఖర్చులో ఉంది. తరువాత తెలిసింది.

హొరమావు పచ్చళ్ళు
అందరికీ ధన్యవాదాలు. 24వ సెక్షన్ మాట విని గుండె ఆగినంత పనైంది. రిజిస్ట్రేషన్ తీసుకుంటే పచ్చళ్ళ ధర పెంచాలా? మా వారి ఫోను సంగతి ఎవరూ చెప్పలేదు.

జయనగర చీరలు
ఎవరి ఫోనులో పడినా పచ్చడి మీది కాబట్టి అమ్మకం మీదే. కొందరు సగం మొగుడి పేరున రాయమంటారు, ఆ తెలివితేటలు వద్దు. మీ పేరున బ్యాంకులో వ్యాపార ఖాతా (కరెంట్ అకౌంటు) తెరిచి ఒక్కటే క్యూఆర్ పెట్టండి. ధర గురించి: పచ్చళ్ళ మీద 12 శాతం ఉండే పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం అయింది. మీరు కొనే ప్లాస్టిక్ డబ్బాల మీద, కొరియర్ మీద 18 శాతం ఇప్పటికే కడుతున్నారు. రిజిస్ట్రేషన్ ఉంటే అది జమ అవుతుంది. కొరియర్ వాళ్ళను మీ నంబరుతో బిల్లు అడగండి, ఊరికే రసీదు ఇస్తే పనికిరాదు.

టాలీ అభిమాని
టాలీ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మన బెంగళూరు కంపెనీది. నేర్చుకుంటే ఎక్కడైనా ఉద్యోగం వస్తుంది.

జయనగర చీరలు
ఆమెకు ఉద్యోగం అక్కరలేదండీ, పచ్చళ్ళు అమ్ముకోవాలి. ప్రస్తుతానికి ఎక్సెల్ చాలు.

రామమూర్తి నగర కూరగాయలు
ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దె ఇంటి చిరునామా మీద రిజిస్ట్రేషన్ అంటే అద్దె ఒప్పందం, యజమాని కరెంటు బిల్లు లాంటివి అడుగుతారు. మా తమ్ముడికి ఇంటి యజమాని ఇవ్వనన్నారు. కరెంటు సంస్థ బెస్కాం వాళ్ళు మీటరును వాణిజ్యానికి మారుస్తారని భయం.

మహదేవపుర పీజీ
బెంగళూరు యజమానులతో అదే బాధ. పది నెలల అడ్వాన్సు తీసుకున్నప్పుడు ఈ భయాలేవీ ఉండవు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని ఒక నెల అద్దె కోస్తారు.

ఒకప్పటి మెస్ యజమాని
నాకు రెండు నెలలు కోశారు. గోడకు నూనె మరకలట. మెస్ గోడకు నూనె మరకలు కాక ఏముంటాయి?

హొరమావు పచ్చళ్ళు
అద్దె ఇల్లే. యజమాని భార్య నా దగ్గరే నిమ్మకాయ పచ్చడి కొంటారు, ఆవిడ ద్వారా అడుగుతాను. రిజిస్ట్రేషన్, మొదటి ఏడాది రిటర్నులు ఆడిటర్‌కే ఇస్తున్నాను. ఫోను నంబరు, ఈమెయిలు నావే ఉండాలని ముందే చెప్పాను. ఆయన ముఖం కొంచెం మారింది గానీ ఒప్పుకున్నారు. అమ్మకం, కొనుగోలు నేనే రాస్తాను. గ్యాసు సంగతి మాత్రం మీరెవరూ తేల్చలేదు.

ఆర్టికల్‌షిప్ అమ్మాయి
వ్యాపారానికి వేరే సిలిండరు పెట్టుకోండి అక్కా, వాణిజ్య కనెక్షను. ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు. ఆ ఖర్చు మొత్తం రాసుకోవచ్చు, వాటాల గొడవే ఉండదు.

చిక్‌పేట పద్దులు
ఈ ఒక్క మాట బాగా చెప్పారు. చెల్లెమ్మా, గోంగూర పచ్చడి కిలో పంపండి. నాది బసవనగుడి, రాష్ట్రం దాటదు.